కాల్వ అవతలి పంతొమ్మిది ఇళ్ళు

కలకత్తా, లేడీస్ హాస్టల్
3 ఆగస్టు 1986

శ్రీచరణేషు ఠాకుమా,

నువ్వు పంపిన మామిడి తాండ్ర చేరింది. చేరిన గంటలో చెల్లిపోయింది కూడా. నా గదిలో ఉండేవాళ్ళు మనుషులు కారు, మిడతల దండు. నా వాటాకి వేలెడు ముక్క మిగిలింది. దాన్ని దిండు కింద దాచుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎమ్మే రెండో ఏడాదికి స్పెషల్ పేపరు ఎంచుకోవాలి. ఈ ఏడు రెండే ఉన్నాయి. ఒకటి ఎకనమెట్రిక్స్, అంతా లెక్కలే. దానికి అప్పుడే ముప్పై ఒక్క పేర్లు పడ్డాయి. రెండోది వ్యవసాయ అర్థశాస్త్రం, లాహిరి మాస్టారు చెప్పేది. దానికి నాలుగే పేర్లు. ఇక్కడో నియమం ఉంది, అయిదుగురు లేకపోతే ఆ ఏడు పేపరు నడవదు. మాస్టారు వచ్చే ఏడు రిటైరవుతారు. ఇప్పుడు ఆగితే ఇక ఆ పేపరు మూతపడ్డట్టే. అందుకని ఆ నలుగురూ రోజూ క్యాంటీన్లో నా మొహం చూస్తూ కూర్చుంటున్నారు.

నాన్న సంగతి నీకు తెలుసు, నీ కొడుకే కదా. "ఎకనమెట్రిక్స్ అయితే బ్యాంకు ఉద్యోగం, ఇంకోటయితే బడి ఉద్యోగం" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. కానీ మాస్టారి దగ్గర ఒక రేకు పెట్టె ఉంది ఠాకుమా. నలభై నాలుగులో, కరువు తర్వాత, మేదినీపూర్ జిల్లాలో ఒక ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి విద్యార్థులు నింపిన సర్వే ఫారాలన్నీ అందులో ఉన్నాయి. దుర్గాపూజ సెలవుల్లో మమ్మల్ని అదే ఊరికి తీసుకెళ్ళి, అవే ఇళ్ళకి మళ్ళీ వెళ్దామంటున్నారు. ఎవరు మిగిలారు, ఎవరు పోయారు, భూమి ఎవరి చేతికి పోయింది. అది విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

ప్రస్తుతానికి పేరు పెన్సిల్‌తో రాశాను. ఐదో పేరు నాదే. సెలవులయ్యాక, నవంబరు ఆరున సిరాతో సంతకం. అప్పటిదాకా చెరుపుకోవచ్చు.

నువ్వూ ఆ రోజుల్లో ఇదే చదివావు కదా. నువ్వేమంటావ్?

ప్రణామాలతో,
టుకు

*

జల్పాయిగురి
12 ఆగస్టు 1986

కల్యాణీయాసు టుకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే తీస్తాకి వరద కూడా వచ్చింది. రెండింటిలో వరదే కాస్త వరుసగా, అర్థమయ్యేలా ఉంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడక్కపోయినా చెప్పేదాన్నే. ఎకనమెట్రిక్స్ తీసుకో. మీ నాన్న పుట్టి నలభై ఏళ్ళు దాటింది, ఇన్నాళ్ళకి ఒక్క విషయంలో వాడూ నేనూ ఏకమయ్యాం. ఆ పుణ్యం వృథా చేయకు.

నలుగురు నీ మొహం చూస్తున్నారంటున్నావు. నలుగురు మొహం చూస్తే మొహం కడుక్కోవాలి గాని, పేపరు తీసుకుంటారా? ఒక చేయి తక్కువైందని పిలవగానే వెళ్ళి కూర్చోడానికి చదువేమన్నా పేకాటా? పేపరు మూతపడితే మూతపడుతుంది. నా కాలంలోనూ మూతపడ్డాయి. ప్రపంచం ఏమీ ఆగలేదు.

పొలాల సంగతి తెలుసుకోవాలంటే పొలం గట్టు చాలు, విశ్వవిద్యాలయం అక్కర్లేదు. ఇక కరువు మాట. కరువు పడ్డవాళ్ళు దాని గురించి మాట్లాడరు. మాట్లాడేది ఆ రోజుల్లో రెండు పూటలా తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను, అందుకే చెబుతున్నాను. నలభై రెండేళ్ళ తర్వాత వెళ్ళి "మీ ఇంట్లో ఎంతమంది పోయారు" అని అడిగే పని నీకొద్దు. లెక్కల్లో తప్పు చేస్తే ఎర్రసిరా గీత పడుతుంది, అంతటితో సరి. అన్ని తప్పులూ అంత మర్యాదగా ఉండవు.

పూజకి ఇంటికి రా. నవమినాడు నువ్వు లేకుండా మాంసం వండితే తినేదెవరు, మీ నాన్న పొట్టేగా.

ఆశీస్సులతో,
ఠాకుమా

ఇంకో మాట. ఊరి పేరు రాయలేదు నువ్వు. మేదినీపూర్ చిన్న జిల్లా కాదు. ఊరికే అడిగాను.

*

కలకత్తా
24 ఆగస్టు 1986

శ్రీచరణేషు ఠాకుమా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు, అయినా చెబుతున్నాను. ఊరి పేరు బసంతచక్. కాంథీ దగ్గర. ఊరి మధ్య నుంచి కాల్వ పోతుంది. ఇవతల నూట పన్నెండు ఇళ్ళు, అవతల పేటలో పంతొమ్మిది.

మాస్టారు మాకో అభ్యాసం ఇచ్చారు. ఫారాల్లో ఉన్న వయసులన్నీ తీసి, చివరి అంకె ఏమిటో చూడమన్నారు. చూస్తే అన్నీ సున్నాలూ అయిదులే. ముప్పై, నలభై, నలభై అయిదు, యాభై. ఎందుకంటే ఊళ్ళో ఎవరికీ పుట్టిన తేదీ తెలియదు. "రెండు ఇరవైలుంటాయి" అంటారు, సర్వే చేసేవాళ్ళు నలభై అని రాసుకుంటారు. అది తప్పే, కానీ నిజమైన తప్పు అన్నారు మాస్టారు. అవతలి పేట దగ్గరికొచ్చేసరికి, ముప్పై ఏడు! నలభై మూడు! ఇరవై తొమ్మిది! పంతొమ్మిది ఫారాల్లో ఎనభై ముగ్గురు మనుషులుంటే, సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసు ఒక్కటంటే ఒక్కటి లేదు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఒకటే మాటన్నారు. "వీటిని నింపినవాళ్ళు ఆ ఇళ్ళకి వెళ్ళలేదు. కూర్చున్న చోట కూర్చుని రాశారు. చదువుకున్నవాళ్ళు అబద్ధమాడితే వయసులు ఇలాగే ఉంటాయి."

ఫారాల చివర పేరు లేదు, పొడి అక్షరాలే. హి.స. అదెవరో తేల్చాలని మాస్టారు ఆఫీసులో పాత రిజిస్టర్లు తీయిస్తున్నారు. సెలవుల్లో మా మొదటి పని కూడా అదే, కాల్వ దాటి ఆ పంతొమ్మిది ఇళ్ళలో నిజంగా ఎవరుండేవారో కనుక్కోవడం. అందుకని పూజకి రాలేను. కోప్పడకు.

అన్నట్టు ఒక చిన్న సందేహం. చిన్నప్పుడు నాకు అన్నం తినిపిస్తూ ఖ్యాంతమణి కథలు చెప్పేదానివి కదా, కాల్వ అవతల ఉండే ఖ్యాంతమణి, ఆమె కుంటి ఆవు. ఆ ఆవుకి కుంటి కాలు ఏది? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ప్రణామాలతో,
టుకు

*

జల్పాయిగురి
2 సెప్టెంబరు 1986

టుకు,

నీ చదువు సంగతి నీకు ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పడం నాకు అలవాటు లేదు, బడిలో ముప్పై ఏళ్ళు ఒక్కసారి చెప్పే నెట్టుకొచ్చాను. అయినా చెబుతున్నాను. పేరు చెరిపేయ్. పెన్సిల్‌తో రాయించేది అందుకే.

మీ మాస్టారు పెద్దాయన. ఈ వయసులో ఎవరి పొడి అక్షరాలో పట్టుకుని రిజిస్టర్లు తిరగేసే బదులు, ఏ కాశీకో వెళితే బాగుంటుంది. ఎవరో కుర్రాళ్ళు ఎప్పుడో ఏదో రాశారు. చచ్చినవాళ్ళు తిరిగొస్తారా?

ఒంటి వెదురు వంతెన మీద నడిచి కాల్వ దాటతావా? మన ఇంటి మెట్లే సరిగ్గా దిగలేవు నువ్వు. నువ్వు కాలు విరగ్గొట్టుకుంటే కట్టు కట్టేదెవరు?

పూజకి రా.

ఠాకుమా

*

టెలిగ్రాము
జల్పాయిగురి, 19 సెప్టెంబరు 1986

ఆరోగ్యం బాగోలేదు. వెంటనే రా. మేదినీపూర్ వెళ్ళకు. ఎకనమెట్రిక్స్ రాయి. ఠాకుమా.

*

కలకత్తా
22 సెప్టెంబరు 1986

శ్రీచరణేషు ఠాకుమా,

టెలిగ్రాము చూసి పరిగెత్తుకెళ్ళి నిబారణ్ కాంపౌండర్‌గారింటికి ఫోను చేశాను. ఎదురింటి మనిషి కదా, ఆయనకి తెలియకుండా నీకు తుమ్ము కూడా రాదు. "మీ ఠాకుమాకేం? దుక్కలా ఉంది. ఇప్పుడే నా వాకిట్లో నిలబడి చేపలవాడితో పోట్లాట, పులస కడుపులో గుడ్డుందా లేదా అని. వాడు ఏడ్చేలా ఉన్నాడు" అన్నారు.

నిజంగా జబ్బు చేసిన మనిషి టెలిగ్రాములో ఎకనమెట్రిక్స్ మాట రాయించదు ఠాకుమా.

నీతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడక తప్పడం లేదు. కాల్వ మీద ఒంటి వెదురు వంతెన సంగతి నేను రాయలేదు. నాకే తెలియదు. మాస్టారిని అడిగాను. ఇప్పుడక్కడ సిమెంటు వంతెన ఉందట. నలభై నాలుగులో మాత్రం ఒంటి వెదురే ఉండేదట, పట్టుకోడానికి పక్కన ఇంకో వెదురు.

ఆవు సంగతి అడిగితే నువ్వు జవాబు రాయలేదు.

మేము విజయదశమి మర్నాడు బయల్దేరుతున్నాం. పాత రిజిస్టరు ఇంకా దొరకలేదు. గుమాస్తా వెతుకుతున్నాడు. నాకు చెప్పాల్సిందేమైనా ఉంటే ఈలోపు రాయి. గుమాస్తా నోట వినడం నాకిష్టం లేదు.

టుకు

*

జల్పాయిగురి
1 అక్టోబరు 1986

కల్యాణీయాసు టుకు,

చేప మాట నిజమే. గుడ్డు ఉంది. నిబారణ్ కాంపౌండర్‌కి ఇక నా ఇంట్లో టీ పుట్టదు.

ఇప్పుడు రెండో నిజం. పెళ్ళికి ముందు నా ఇంటిపేరు సర్కార్. హిరణ్మయి సర్కార్. గుమాస్తాని ఇక వెతకొద్దని చెప్పు, దుమ్ముకి దగ్గొస్తుంది పాపం.

నలభై నాలుగు మార్చి. నాకు ఇరవై ఒకటి. ఆరుగురం వెళ్ళాం, ఇద్దరం ఆడపిల్లలం. అచ్చు వేసిన ఫారాలు, సిరాబుడ్డి, నాకో నల్ల గొడుగు. ఇవతలి ఒడ్డున పదకొండు రోజులు తిరిగాను. ఆ పదకొండు రోజుల ఫారాలు నిజం, వాటి జోలికి మీ మాస్టారు రానక్కర్లేదు. "ఇంట్లో ఎంతమంది?" అన్నది మొదటి ప్రశ్న. ఒకావిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ ఆరు దాకా లెక్కపెట్టింది. తర్వాత మళ్ళీ ఒక్కొక్కటే ముడిచింది. చివరికి ఒక వేలు మిగిలింది. అది రాసుకుని పక్కింటికి వెళ్ళాలి. అదీ పని. ఆరుగురం కలిసి రోజుకి పది ఇళ్ళు.

పన్నెండో రోజు అవతలి పేట నాకు పడింది. చౌకీదారు కాల్వ దాకా వచ్చి, "అటు ఎందుకు దీదీ, ఎవరూ లేరు. నెల రోజులైంది పొయ్యి పొగ చూసి" అని వెళ్ళిపోయాడు. చూశాను. పంతొమ్మిది గుడిసెలు. అన్నీ తలుపులు మూసి ఉన్నాయి. పొగ లేదు. కుక్క కూడా లేదు. వంతెన మీద ఒక కాలు పెట్టాను. కాల్వలో పడతానన్న భయం లేదు టుకూ, నాకు ఈత వచ్చు. తలుపు తోస్తే లోపల ఏముంటుందోనన్న భయం. అది ఒక్కసారి కాదు, పంతొమ్మిది సార్లు.

కాలు వెనక్కి తీసుకున్నాను. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను. "ఎవరూ లేరు" అని పంతొమ్మిదిసార్లు రాసేస్తే సరిపోయేది. చూడకుండా మనుషుల్ని చంపినట్టనిపించి కలం కదల్లేదు. అందుకని బతికించాను. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ మనుషుల్ని పెట్టాను. పేర్లు పెట్టాను. కంచు గిన్నెలిచ్చాను, నాలుగు ఆవుల్నిచ్చాను. వయసులు మాత్రం రకరకాలుగా ఉంటేనే నిజంలా ఉంటుందనుకున్నాను. పదకొండు రోజులు "రెండు ఇరవైలు, మూడు ఇరవైలు" అని చెవులారా విన్నదాన్ని. చివరికి నా చదువే నన్ను పట్టించింది. మీ మాస్టారు మంచి మాస్టారు.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక పిరికి పిల్ల చేసిన పని, అంతే. ఆగలేదు. ఆ ఫారాలు పట్టికలోకెక్కాయి. "కాల్వ అవతల పరిస్థితి కొంత మెరుగు" అని నివేదికలో ఒక వాక్యం పడింది. ఆ వాక్యం నాది కాదు, ఆవులు నావి. గంజి కేంద్రం ఇవతలి ఒడ్డున, ఊరికి ఆ చివర పెట్టారు. అవతల ఎవరూ లేరు కదా, గంజి ఎవరికి తక్కువైంది అని నాకు నేను చెప్పుకున్నాను. నలభై రెండేళ్ళు ఆ ఒక్క మాట మీదే బతుకు వెళ్ళదీశాను.

తిరిగొచ్చేసరికి స్పెషల్ పేపరు సంతకాల రోజు. వ్యవసాయానికి అయిదు పేర్లు పెన్సిల్‌తో ఉన్నాయి. అయిదింట్లో ఒకటి నాది. అయిదు లేకపోతే నడవదన్న నియమం అప్పుడూ ఉంది. వెళ్ళి నా పేరు చెరిపేశాను. ఆ ఏడు ఆ పేపరు నడవలేదు. మిగిలిన నలుగురూ నాతో మాట్లాడలేదు. నేను సిద్ధాంతం పేపరు తీసుకున్నాను. అందులో ఊళ్ళుండవు. తర్వాత బడిలో భూగోళం చెప్పాను. పటం మీది కాల్వలు దాటడానికి కాళ్ళక్కర్లేదు. పెళ్ళయి చదువు మానేశానని మీ తాతని అందరూ ఆడిపోసుకున్నారు. ఆయన పాపం ఏమీ అనలేదు, నేనూ దిద్దలేదు.

ఎకనమెట్రిక్స్ తీసుకోమన్నది నీ బాగు కోరి కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వేరే సలహా ఇచ్చే మొహం లేదు. ఈ ఉత్తరం మీ మాస్టారికి చూపించు.

నువ్వు అన్నం తినేదానివి కాదు. కథ చెబితేనే నోరు తెరిచేదానివి. నాకు బాగా తెలిసిన జనం ఆ ఫారాల్లోవాళ్ళే.

ఆవుకి ఎడమ వెనక కాలు.

ఠాకుమా

*

బసంతచక్
17 అక్టోబరు 1986, లక్ష్మీపూజ రోజు

ఠాకుమా,

నాకు ఆగస్టులోనే తెలుసు. ఏడో నంబరు ఫారంలో "ఖ్యాంతమణి, 37, వితంతువు, ఆవు ఒకటి, ఎడమ వెనక కాలు కుంటి" అని ఉంది. అది చదివి పెట్టె మూసేసి బయటికొచ్చి కూర్చున్నాను. నేను ఎవరి కథలు వింటూ అన్నం తిన్నానో ఆ మనుషులందరూ అందులో ఉన్నారు. నువ్వే చెబుతావని ఎదురుచూశాను. నువ్వు టెలిగ్రాము ఇచ్చావు.

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. ముందు అవతలి పేటకి వెళ్దామనుకున్నాను. ఎవరూ లేరని నువ్వన్నావు కాబట్టి, ఎవరూ లేరని తేలితే నీ తప్పు కొంత తగ్గుతుందని ఆశ. నిజం చెబుతున్నాను, అందుకే ముందు దాటాను. మాస్టారూ మిగిలినవాళ్ళూ ఇవతలే ఉన్నారు.

వంతెన దిగాక ఏడో ఇంట్లో ఒక ముసలావిడ వడ్లు ఎండబోస్తోంది. పేరు సౌదామినీ దోలుయ్. వయసెంతమ్మా అంటే, "మూడు ఇరవైలు, పైన ఎన్నో కొన్ని. లెక్కపెట్టి ఏం చేత్తావు?" అంది. కరువునాడు ఎక్కడున్నావంటే, "ఇక్కడే. ఎక్కడికి పోతాం?" అంది. ఈ పేటలో అప్పుడు ఎవరూ లేరట కదా అన్నాను.

ఆమె చేతిలో చేట కింద పెట్టింది. ఆమె మాటలు ఎలా చెప్పిందో అలాగే రాస్తున్నాను.

"ఎవురన్నారే? పంతొమ్మిదిట్లో ఏడిళ్ళల్లో ఉన్నాం. చౌకీదారు చెప్పుంటాడు, దొంగ సచ్చినోడు, కాల్వ దాటితే గదా ఆడికి తెలిసేది. పొగ లేదంటావా? వండుకోను గింజ లేదు, పొయ్యెందుకు ఎలిగిద్ది? తలుపులేసుకుని ఎందుకున్నామంటావా? కోక లేదే తల్లీ. మా అత్త, నేను, మా తోడికోడలు, ముగ్గురాడాళ్ళకి ఒకటే కోక. ఎవురు బయటికెళితే ఆళ్ళు కట్టుకోవాలి. మిగిలినోళ్ళు చీకట్లో కూకోవాలి. ఏడిళ్ళల్లోనూ అదే కత.

"ఒకనాడు ఆ గట్టు మీద ఒక పిల్ల కూకుంది. నా ఈడుదే. నల్ల గొడుగు. మా ఇళ్ళ వంక చూత్తా, రాసుకుంటా, చూత్తా, రాసుకుంటా. తలుపు సందులోంచి చూత్తన్నాం. మా అత్తంది, వత్తది, ఇటే వత్తది, రాసుకునేవోళ్ళు ఇంటికి రాకుండా పోరు, కోక నువ్వు కట్టుకో, మాటాడేదానివి నువ్వే గదా అని. కట్టుకుని గడప కాడ నిలబడ్డా. పొద్దు వాలేదాకా నిలబడ్డా. ఆ పిల్ల గొడుగు ముడుచుకుని లేచి పోయింది."

తర్వాతేమైంది అన్నాను.

"తర్వాతేముంది. కోక విప్పి దండెం మీద ఏశా."

గంజి కేంద్రం మాట అడిగాను. "ఆ దరిన పెట్టారన్నారు. కోకున్న మనిసి ఎల్లి తెచ్చేది. ముంతడు గంజి, దార్లో సగం ఒలికిపోయేది. ఏడిళ్ళవోళ్ళం. వానలొచ్చేసరికి మూడిళ్ళయ్యాం. మా అత్త పోయింది, తోడికోడలు పోయింది. అప్పుడు కోక నాకొక్కదానికే మిగిలింది."

ఆమె ఏడవలేదు. వడ్లు మళ్ళీ తిరగేయడం మొదలుపెట్టింది. నేను లేచి వస్తుంటే వెనక నుంచి అడిగింది. "అవునే, ఆ పిల్ల మా గురించి ఏం రాసుకునుంటదంటావ్? ఇన్నేళ్ళయినా ఆ ఒక్కటి తెలవలేదు."

నేను వెనక్కి తిరగకుండా వంతెన దాటాను.

నీ మీద కోపంగా ఉంది. నీ మీద కోపం రావడం నాకు అలవాటు లేదు, ఎలా కోప్పడాలో తెలియడం లేదు. ఇవతలి ఒడ్డున మిగిలిన నలుగురూ రోజూ సాయంత్రం వచ్చి ఎన్ని ఫారాలయ్యాయి అని అడుగుతున్నారు. ఆరో తారీకు దగ్గరికొస్తోంది. ఈ పెట్టె మళ్ళీ తెరవగలనో లేదో తెలియదు. పేరు చెరిపేసి ఎకనమెట్రిక్స్ గదిలో ముప్పై రెండోదాన్నయి వెనక బల్ల మీద కూర్చోవాలనుంది. నువ్వు చెరిపిన చోటే నేనూ చెరిపేస్తే నన్నెవరు తప్పు పడతారు?

టుకు

*

జల్పాయిగురి
24 అక్టోబరు 1986

టుకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను.

నువ్వు పేరు చెరిపితే తప్పు పట్టడానికి ఎవరుంటారని అడిగావు. ఎవరూ ఉండరు. నన్నూ ఎవరూ పట్టలేదు. పెన్సిల్ గీత చెరిగితే కాగితం మీద కాస్త నూగులాంటి మచ్చ ఉంటుంది, దాన్ని ఇంకెవరూ చూడరు. చెరిపినవాళ్ళకి మాత్రం అది తప్ప ఇంకేమీ కనబడదు. ఇది సలహా కాదు. సలహాలివ్వడం మానేశాను, నిబారణ్‌ని అడిగి చూసుకో, ఊరంతా చల్లబడింది.

ఒకటో తారీకు రైలుకి టిక్కెట్టు కొన్నాను. మర్నాడు పొద్దున్నే సియాల్దాలో దిగుతాను. నా ఉత్తరం మీ మాస్టారికి నువ్వు చూపించలేకపోయావు. సరే, అది నీ పని కాదు. నేనే ఎదురుగా నిలబడి చెబుతాను. ఆయన ఏమంటారో అననీ. తర్వాత నన్ను కాంథీ బస్సెక్కించు. నువ్వు నాతో రానక్కర్లేదు. కోపంగా ఉన్న మనవరాలు పక్కనుంటే నాకు నడక సాగదు.

పంతొమ్మిది ఖాళీ ఫారాలు పట్టుకురా. ఆ పాత ప్రశ్నలే ఉండాలి, కొత్తవి కాదు.

బీరువా తెరిచి ఒక కొత్త కోక తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. నలభై రెండేళ్ళు ఆలస్యంగా కోక పట్టుకెళ్ళడం దానం కాదు, ఎగతాళి. గొడుగు మాత్రం తెస్తున్నాను. అదే నల్ల గొడుగు. ఊచలు రెండు విరిగాయి, గుడ్డ రెండుసార్లు మార్పించాను. దూరం నుంచి ఆమె పోల్చుకోవాలి కదా.

సిమెంటు వంతెన అన్నావు. వెదురైనా సరే.

హిరణ్మయి సర్కార్

*

పోస్టు కార్డు
కలకత్తా, 6 నవంబరు 1986

శ్రీమతి హిరణ్మయి రక్షిత్
కేరాఫ్ సౌదామినీ దోలుయ్
కాల్వ అవతలి పేట, బసంతచక్, వయా కాంథీ

ఠాకుమా, ఇవాళ పదకొండింటికి సిరాతో రాశాను. వ్యవసాయం. ఐదో పేరు. నాన్నకి ఇంకా చెప్పలేదు, నువ్వు చెప్పు, నీకైతే తిట్లు తినే అలవాటు కొత్తగా అయింది కదా. ఆ రోజు నువ్వు చెప్పిందంతా విని, మాస్టారు ఆ పంతొమ్మిది పాత ఫారాలూ నీ చేతిలో పెట్టి పంపారు. ఇవాళ నా సంతకం చూసి, "ఆవిడ ఎన్ని ఫారాలు నింపారు?" అని అడిగారు. కోపం ఇంకా ఉంది. ఎన్నయ్యాయి? టుకు.

*

బసంతచక్
11 నవంబరు 1986

కల్యాణీయాసు టుకు,

ఏడు అయ్యాయి. మిగిలిన పన్నెండు ఇళ్ళకి "ఎవరూ లేరు" అని రాయాలి. వాటి ముందు కూడా వెళ్ళి నిలబడే రాస్తున్నాను, ఇప్పుడవి అరటి తోటలైనా సరే. ఎవరుండేవారో సౌదామిని పేర్లు చెబుతోంది. మీ మాస్టారితో చెప్పు, తొందరపెట్టొద్దని.

వచ్చిన రోజు ఆమె గడపలోనే నిలబడి ఉంది. గొడుగు చూసింది. నా మొహం చూడలేదు, గొడుగే చూసింది. "ఇయ్యాలా వచ్చేది?" అంది. అంతే. పీట వేసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె విని లేచింది. నాకు మరమరాలూ బెల్లమూ పెట్టి, తను వెళ్ళి గడ్డి కోసుకొచ్చింది. మూడోనాడు వచ్చి ఎదురుగా కూర్చుని, "ఏం రాశావో సదువు" అంది.

ఏడో ఇంటి ఫారం చదివాను. ఖ్యాంతమణి, ముప్పై ఏడు, వితంతువు. ఇద్దరు కొడుకులు. కంచు గిన్నెలు మూడు. ఆవు ఒకటి, ఎడమ వెనక కాలు కుంటి. మొత్తం విన్నది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

తర్వాత కొత్త ఫారం తీశాను. వయసు గడి దగ్గర ఆమె "మూడు ఇరవైలు, పైన ఎన్నో కొన్ని" అంది. నా ఈడుది కదా, అరవై మూడు అని రాయబోయి చేయి ఆపుకున్నాను. ఆమె చెప్పినట్టే రాశాను. నీ పట్టికలో అదెక్కడ పడుతుందో నువ్వే చూసుకో.

సంతకం చేస్తుంటే ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"ఎటూ ఉత్తుత్తి ఆవే గదంటే. కుంటిదాన్నెందుకిచ్చావ్? ఇచ్చేదేదో మంచిదివ్వకపోయావా?"

నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని టుకూ. ఆ ప్రశ్నని మాత్రం ఆమె అడిగినట్టే ఫారం అడుగున రాసి పెట్టాను.

ఠాకుమా